బొమ్మ బాతు వెంట

మా ఆయన రసెల్ బాతుల వేట మొదలుపెట్టింది బాతుల కోసం కాదు, మా నాన్న కోసం. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. ఒహయోలో మొక్కజొన్న చేల మధ్య పుట్టి, సాలిస్‌బరీలో ఇళ్ళకి హీటర్లు బాగుచేసుకుని బతికే మనిషికి తెల్లారకముందే లేచి గడ్డకట్టే బురదలో కూర్చోవాలని ఎందుకుంటుంది? పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాన్న అతన్ని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ఒక్క మెప్పు కోసం రసెల్ ఏ పనైనా చేస్తాడు. ఆ చేసేదేదో నీళ్ళకి దూరంగా చేసి ఉంటే నేనూ ఏమీ అనేదాన్ని కాదు.

మా నాన్న పేరు ఆర్విల్. ఊళ్ళో అందరికీ కెప్టెన్ ఆర్విల్. టాంజియర్ సౌండ్ అని మా ఊరి ముందుండే అఖాతం నీళ్ళలో వేసవంతా పీతలూ చలికాలమంతా ఆల్చిప్పలూ పట్టి ముసలివాడైన ప్రతివాడూ మావైపు కెప్టెనే, అందులో గొప్పేం లేదు. తుంటి ఎముక మార్పించుకున్నాక ఆయన పడవ అమ్మేశాడు. వలలు అమ్మేశాడు. తుపాకీ గోడకెక్కింది. మిగిలింది హేజెల్ ఒక్కతే.

హేజెల్ ఆయన వేటకుక్క. ముదురు గోధుమరంగు ఉంగరాల బొచ్చు, నూనె రాసినట్టు నీళ్ళు అంటని ఒళ్ళు, పచ్చటి కళ్ళు. మా తీరంలో పుట్టిన జాతే. దానికి చలినీళ్ళంటే లెక్కలేదు, మొండితనానికి పెట్టింది పేరు. నవంబరు వచ్చి దూరంగా చిత్తడిలో తుపాకులు మోగడం మొదలైతే చాలు, అది తలుపు దగ్గర నిలబడి సన్నగా మూలిగేది. నాన్న కుర్చీలో కూర్చుని, దాన్ని చూడకుండా కావాలని కిటికీవైపు చూసేవాడు. ఆ ఇద్దర్నీ అలా చూడలేక ఒకరోజు రసెల్, "కెప్టెన్, నేను తీసుకెళ్తా దాన్ని" అన్నాడు.

నాన్న తల తిప్పకుండానే, "దేంట్లో? నీ హీటర్ల వ్యానులోనా?" అన్నాడు.

తర్వాతి శనివారానికి రసెల్ ఎవరి దగ్గరో వాడేసిన కయాక్ ఒకటి కొనుక్కొచ్చి మా వాకిట్లో దింపాడు. ఒక్క మనిషి పైన కూర్చుని, కాళ్ళు చాపుకుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. నారింజ రంగు. నాన్న చేతికర్ర మీద ఆనుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"దీన్ని చూశాయంటే బాతులు నవ్వీ నవ్వీ చస్తాయి. తూటాల ఖర్చు మిగుల్తుందబ్బాయ్" అన్నాడు.

"రంగు వేస్తాను కెప్టెన్."

"నీకా, దానికా?"

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. రసెల్ దానికి బురదరంగు వేశాడు. ఆ రంగు కలపడానికి నేను కేకులు చేసుకునే గిన్నె వాడాడు. అంచుల చుట్టూ తాళ్ళు బిగించి, చిత్తడిలో కోసుకొచ్చిన రెల్లుగడ్డి కట్టలు కట్టలుగా దోపాడు. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే బాతుని కాల్చుకోవడానికి లోతైన మూకుడు కూడా కొన్నాడు. వేసవి వచ్చాక, ఆగస్టు ఎండల్లో మా ఇంటి వెనక పాయలో సాధన మొదలుపెట్టాడు. నాన్న మడతకుర్చీ వేయించుకుని ఒడ్డున కూర్చునేవాడు. నేను చిక్కుళ్ళు ఒలుచుకుంటూ ఇద్దర్నీ కనిపెట్టి చూసేదాన్ని.

"ఎదురుగా మాత్రమే కాల్చు. పక్కకి తిరిగి కాల్చావంటే తుపాకీ తన్నుకి నువ్వూ నీ పడవా బోర్లా పడతారు" అనేవాడు నాన్న.

రసెల్ వినేవాడు. కర్రని తుపాకీలా పట్టుకుని ఎదురుగా గురిచూసేవాడు.

"ఇప్పుడు పడిపో."

"ఏంటి కెప్టెన్?"

"కావాలని పడు. పడ్డాక ఎక్కడం రాని వాడికి పడవెందుకు?"

రసెల్ పడేవాడు. గోరువెచ్చటి నీళ్ళలో నవ్వుతూ లేచి, కయాక్ మీదికి బొక్కబోర్లా పాక్కుంటూ ఎక్కేవాడు. మళ్ళీ పడమనేవాడు నాన్న. మళ్ళీ ఎక్కేవాడు. అతను అంత సంతోషంగా ఉండటం నేను పెళ్ళిరోజున కూడా చూడలేదు. మా నాన్న కూడా పైకి విసుక్కుంటూనే రోజూ మధ్యాహ్నం రెండు కాకముందే కుర్చీ చంకన పెట్టుకుని తయారయ్యేవాడు.

హేజెల్‌ని ఎక్కించడమే పెద్ద గొడవ. పడవంటే పెద్ద చెక్కపడవే దాని లెక్కలో. ఈ తేలే పళ్ళెం దానికి నచ్చలేదు. మొదటి రెండుసార్లు ఎక్కినట్టే ఎక్కి, కయాక్‌ని తలకిందులు చేసి, రసెల్‌ని నీళ్ళలోనే వదిలేసి ఈదుకుంటూ వచ్చి నాన్న పక్కన కూర్చుంది. కోడి మాంసం ముక్కలతో బుజ్జగించగా బుజ్జగించగా చివరికి రసెల్ మోకాళ్ళ మధ్య ముడుచుకుని కూర్చోవడం నేర్చుకుంది. "నా కుక్కకి సిగ్గు లేకుండా చేశావు" అన్నాడు నాన్న. కానీ ఆ రోజు సాయంత్రం ఆయన తన పాత ఈల తీసి రసెల్ మెడలో వేశాడు.

ఆ ఈలకి హేజెల్ కుడికి వెళ్తుంది, ఎడమకి వెళ్తుంది, ఆగుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం దేనికీ వినదు. పిట్ట పడటం కంటితో చూసిందంటే, దాన్ని నోట కరుచుకుంటేనే వెనక్కి తిరుగుతుంది. ఆ మాట నాన్న ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాడు. ఒకసారి మంచుపలకల మధ్య పడి పెద్దబాతు వెనకాల పోయి, అందరూ ఇక రాదనుకున్నాక, చీకటి పడేవేళ దాన్ని ఈడ్చుకుంటూ వచ్చిందట. "ఉత్త నోటితో రావడం దానికి నేను నేర్పలేదు" అనేవాడు.

ఇక బొమ్మ బాతులు. నీళ్ళమీద బొమ్మ బాతుల్ని తేలేస్తే, మీద ఎగిరేవి వాటిని చూసి తోటివాళ్ళే అనుకుని దిగుతాయి. నాన్నవి ఆయన చేత్తో చెక్కిన దేవదారు బొమ్మలు. ఒక్కోటి చంటిపిల్లంత బరువు. అవి కయాక్‌లో పడితే మనిషికి చోటుండదు. అందుకని రసెల్ బోలు ప్లాస్టిక్‌వి కొన్నాడు. అవి కొట్టుకుపోకుండా నీళ్ళ అడుగున ఆనేలా తాళ్ళతో కట్టిన సీసపు గుండ్లు కూడా బరువేనని తీసేసి చిన్నవి వేశాడు. పొడుగు తాళ్ళు కాళ్ళకి చుట్టుకుంటున్నాయని, ఇంటివెనక పాయలో నడుములోతు నీళ్ళకి సరిపోయేలా కోసి, ముచ్చటగా ముళ్ళు వేశాడు. మావైపు పుట్టినవాడెవడూ ఆ పని చెయ్యడు. ఇక్కడ నీళ్ళు పొద్దున ఒక లోతు, మధ్యాహ్నం ఒక లోతు. ఎవడూ చెయ్యడు కాబట్టే నాన్నకి ఆ తాళ్ళు చూడాలని తట్టలేదు. తుపాకీ చూశాడు, లైఫ్ జాకెట్ చూశాడు, ఛాతీదాకా వచ్చే రబ్బరులాగుకి నడుం దగ్గర పట్టీ బిగించాడో లేదో లాగి చూశాడు.

మొదటి రోజు రేవులో కయాక్ తోస్తూ నాన్న అన్నాడు, "చూడబ్బాయ్, నువ్వు రాకపోయినా పర్లేదు. మా అమ్మాయికి ఇంకోణ్ణి చూస్తాను. కుక్కని మాత్రం పంపించెయ్."

రేవులో ఉన్న డ్యూయి పడీపడీ నవ్వాడు. డ్యూయి మా పక్కింటివాడు, ఆల్చిప్పల పడవ ఉంది. నేనూ నవ్వాను. రసెల్ కూడా నవ్వాడు గానీ, అతను నవ్వుతూ హేజెల్ మెడపట్టీ సరిచెయ్యడం నేను చూశాను. మావాళ్ళ ఎకసెక్కాలు అతనికి ఎప్పుడూ సగమే ఎకసెక్కాలు. మిగతా సగం లోపల దాచుకుంటాడు.

నవంబరంతా, డిసెంబరంతా ఒక్క పిట్ట పడలేదు. బాతులు రావడం నిజమే, ఇతను కాల్చడమూ నిజమే, అవి ఎగిరిపోవడం మరీ నిజం. తుపాకీ మోగాక ఏదీ పడకపోతే హేజెల్ మెడ తిప్పి రసెల్ మొహంలోకి చూసేదట. "ఆ చూపు భరించలేకపోతున్నాను మార్లా. అచ్చం మీ నాన్న చూపే" అన్నాడు నాతో. నాన్నేమో రాత్రి భోజనాల దగ్గర, "పాపం ముసలిది, దాని పరువంతా తీస్తున్నావు. పక్క ఊరి కుక్కలకి మొహమెలా చూపిస్తుంది?" అనేవాడు. మూకుడు పొయ్యెక్కింది లేదు గానీ మూకుడు మీద హాస్యాలు మాత్రం రోజూ ఉండేవి.

జనవరిలో ఆ రోజు శనివారం. తెల్లవారేసరికి తూర్పుగాలి వీస్తోంది. అంతకుముందు రోజు నుంచీ అదే గాలి. మాకు సౌండ్ పడమటివైపు ఉంటుంది కాబట్టి తూర్పుగాలంటే ఒడ్డునుంచి నీళ్ళమీదికి తోసే గాలి. రేవు దగ్గర నీళ్ళు నున్నగా అద్దంలా ఉంటాయి, దూరంగా పోయేకొద్దీ తెల్లటి నురగలు. తెలియనివాడికి ఇదే మంచిరోజనిపిస్తుంది. సౌండ్‌లోకి చొచ్చుకుపోయిన బెక్కీ మొన దాటి పోవద్దని నాన్న చెప్పాడు. దాటనని రసెల్ చెప్పాడు, దాటలేదు కూడా. మొన కొసన రెల్లులో కయాక్ దూర్చి, ముందు బొమ్మల్ని వేసి, పక్కన మట్టిదిబ్బ మీద హేజెల్‌ని కూర్చోబెట్టాడు.

నాన్నా నేనూ రేవులో ట్రక్కులో కూర్చున్నాం. హీటరు నడుస్తోంది. ఫ్లాస్కులో కాఫీ, కాగితంలో చుట్టిన, పందిమాంసం స్క్రాపుల్ పెట్టిన శాండ్‌విచ్‌లు. బైనాక్యులర్స్ నాన్న చేతిలోంచి నా చేతిలోకి, నా చేతిలోంచి నాన్న చేతిలోకి మారుతున్నాయి. కయాక్ ఎక్కడుందో మాకు తెలిసినా కనిపించడం లేదు. అంత బాగా దాక్కున్నాడు.

"గడ్డి కట్టడం మాత్రం వచ్చింది వీడికి" అన్నాడు నాన్న. ఆ తర్వాత, "నీళ్ళు బాగా ఎక్కాయే" అన్నాడు. మొన దగ్గర రెల్లు సగానికి మునిగి ఉంది. పోటు సమయం ఇంకా కాలేదు. రెండురోజుల తూర్పుగాలి, దూరాన మహాసముద్రం నీళ్ళని సౌండ్ కలిసే చోటినుంచి లోపలికి నెట్టుకొచ్చింది.

అప్పుడే బాతుల గుంపు ఒకటి దక్షిణం నుంచి తక్కువ ఎత్తులో వచ్చింది. ఎర్ర తలలు, తెల్లటి వీపులు. మావాళ్ళు ప్రాణం పెట్టే జాతి. అవి ఒకసారి చుట్టు తిరిగి రెక్కలు బిగించి దిగబోయాయి. రెల్లులోంచి తుపాకీ రెండుసార్లు మోగింది. ఒక పిట్ట గాల్లోనే మడతపడి నీళ్ళలో పడింది.

"పడింది! పడిందే మార్లా!" నాన్న నా మోకాలు పట్టి ఊపేశాడు. కాఫీ నా ఒళ్ళో ఒలికింది. "కొట్టాడే! ఒహయో వాడు కొట్టాడే! సూటిగా, ఎదురుగా, చెప్పింది చెప్పినట్టు!"

మా నాన్న కళ్ళు తడిసి ఉన్నాయి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ మాట అతను వినాల్సింది, నేను విన్నాను. ఇంటికొచ్చాక నాన్న చేత మళ్ళీ అనిపించాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

హేజెల్ దిబ్బమీంచి నీళ్ళలోకి దూకింది. గోధుమరంగు తల సూటిగా పోతోంది. ఇంతలో పడ్డ బాతు, చావలేదు కాబోలు, మునిగిపోయింది. ఈ జాతి బాతులకి అదొక అలవాటు. దెబ్బతింటే కిందికి పోయి అడుగున నాచుని ముక్కుతో పట్టుకుంటాయి, అక్కడే చస్తాయి గానీ పైకి రావు. హేజెల్ ఆ చోటికి చేరి ఒకసారి చుట్టు తిరిగింది. తరువాత తల ఎత్తి, పడమటి దిక్కుగా మళ్ళీ ఈత మొదలుపెట్టింది.

"మళ్ళీ తేలిందా?" అన్నాను.

నాన్న బైనాక్యులర్స్ కళ్ళకి అదిమిపెట్టుకుని అటే చూశాడు. "అది పిట్ట కాదు" అన్నాడు చివరికి. "అది ప్లాస్టిక్."

నేను లాక్కుని చూశాను. పెరిగిన నీళ్ళకి తాళ్ళు చాల్లేదు. చిన్న గుండ్లు అడుగు వదిలేశాయి. బొమ్మలు ఒకటొకటే గాలికి బయల్దేరాయి. అన్నిటికన్నా ముందు ఒకటి, ఎర్ర తల నిటారుగా ఎత్తుకుని, నురగల మీద ఎగిరెగిరి పడుతూ సౌండ్‌లోకి పోతోంది. దాని వెనక హేజెల్. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు. కళ్ళలో పొర కమ్ముతోందని డాక్టరు చెప్పినా నాన్న ఒప్పుకోలేదు. దెబ్బతిన్న బాతు ఎంత దూరం పోయినా ఎక్కడో ఒకచోట అలుస్తుంది. ప్లాస్టిక్ బాతుకి అలుపేముంటుంది?

రసెల్ ఈల వేశాడు. గాలి అటువైపే కాబట్టి మాకు సన్నగా వినిపించింది. ఆగమనే ఈల. మళ్ళీ వేశాడు. హేజెల్ ఒకసారి వెనక్కి చూసింది. చూసి, ముందుకే పోయింది.

"రాదు" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఇదివరకు ఉండే గొప్ప లేదు.

అప్పుడు రెల్లు కదిలింది. కయాక్ బయటికి వచ్చింది.

"వద్దు" అన్నాడు నాన్న, ట్రక్కు అద్దంతో చెప్పినట్టు. "వద్దు వద్దు వద్దు. ఒరేయ్ వద్దురా!" తలుపు తోసుకుని దిగాడు. కర్ర సీటులోనే ఉండిపోయింది. రేవు చివరిదాకా కుంటుకుంటూ పరిగెత్తి, టోపీ తీసి ఊపుతూ అరిచాడు. "వదిలెయ్! కుక్కని వదిలెయ్! వెనక్కొచ్చెయ్!" నేను హారన్ మీద అరచెయ్యి పెట్టి తియ్యలేదు. గాలి మా అరుపుల్ని అతని దగ్గరికే మోసుకుపోతోంది. వినపడలేదనుకోవడానికి వీల్లేదు. వినపడింది. కయాక్ మీద రసెల్ వెనక్కి తిరిగి, తెడ్డు పైకెత్తి చూపించాడు. చూపించి, ముందుకే పోయాడు.

ఆ గాలిలో పోవడం ఎంత తేలికో, రావడం అంత అసాధ్యం. తెడ్డు వెయ్యకపోయినా అదే తోసుకుపోతుంది. ఆ సంగతి మొదటి నురగ దాటేదాకా తెలీదు, తెలిసేసరికి తిరగడానికి ఉండదు. నేను అతని ఫోనుకి చేశాను. మోగింది. మోగుతూనే ఉంది. నీళ్ళు తగలని సంచిలో భద్రంగా పెట్టుకుని ఉంటాడు, చెప్పినట్టే.

అత్యవసర నంబరుకి చేశాను. వాళ్ళు బయల్దేరుతున్నామన్నారు. ఎంతసేపంటే గాలిని బట్టి అన్నారు. నాన్న ట్రక్కులోకి ఎక్కి రేడియో తీశాడు. పడవ అమ్మాడు గానీ రేడియో అమ్మలేదు, అలవాటుగా ట్రక్కులో పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ కబుర్లు వింటుంటాడు. డ్యూయి దొరికాడు. ఉత్తరాన ఆల్చిప్పల తిప్పల మీదున్నాడు.

"డ్యూయీ, ఆర్విల్‌ని. మా అల్లుడు కుక్క వెంట సౌండ్‌లోకి పోయాడు. కయాక్‌లో."

"వస్తున్నా కెప్టెన్" అన్నాడు డ్యూయి. అతను కూడా ఒక్క హాస్యమాడలేదు. దాంతో నాకు సంగతి అర్థమైంది.

రేవులో ఒక్క పడవ లేదు, అన్నీ ఆల్చిప్పలకి పోయాయి. ఉన్న చిన్నదానికి ఇంజను విప్పి ఉంది. నాన్న వెళ్ళి ఆ ఇంజను ఉండాల్సిన ఖాళీ చోటు చూసి వచ్చాడు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ చూసి వచ్చాడు. నలభై ఏళ్ళు ఆ నీళ్ళని దున్నిన మనిషి. ఇప్పుడు ఆయన చెయ్యగలిగింది బైనాక్యులర్స్ పట్టుకోవడం ఒక్కటే, అది కూడా నాకిచ్చేశాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ముందు బొమ్మ కనిపించకుండా పోయింది. తర్వాత హేజెల్ తల. కయాక్ ఒక నురగమీద లేచి, పడి, లేచి, తర్వాత లేచిందో లేదో తెలీలేదు. బురదరంగు నీళ్ళలో బురదరంగు పడవ. నా కేకుల గిన్నెలో కలిపిన రంగు.

"వాడికి బుద్ధుందా?" అన్నాడు నాన్న. "కుక్క కోసం ఎవడైనా పోతాడా? కుక్క పోతే ఇంకో కుక్క వస్తుంది. అంతమాత్రం తెలీదా వాడికి?"

నా ఒళ్ళు మండిపోయింది. "ఎవరు చెప్పారు నాన్నా అతనికి? నువ్వు చెప్పావా? నువ్వు చెప్పింది కుక్కని మాత్రం పంపించెయ్యమని!"

"అది... సరదాకి అన్నానే."

"సరదాకని అతనికెప్పుడు చెప్పావు?"

ఆయన మొహం చూసి అన్నందుకు బాధపడలేదు నేను. ఇంకా అనాలనిపించింది. ఈ మొగవాళ్ళ మీద, వీళ్ళ కుక్కల మీద, ప్రేమని ఎప్పుడూ వెక్కిరింతలో చుట్టి ఇచ్చే ఈ ఊరి మీద, ఆ వెక్కిరింతకి నవ్వీ నవ్వీ ఇక్కడిదాకా తెచ్చుకున్న నామీద, అందరిమీదా కోపమొచ్చింది. కోపంతో చేసేదేముంది? హారన్ కొట్టాను. ఆ హారన్ ఎవరికీ ఉపయోగం లేదని తెలిసే కొట్టాను.

ఎప్పుడూ చర్చిలో తప్ప దేవుడి పేరు ఎత్తని మనిషి, రేడియోని రెండుచేతులా పట్టుకుని, "కుక్కని తీసుకో. కుక్కని తీసుకుపో, వాణ్ణి వదిలెయ్" అంటున్నాడు. ఎవరితో అంటున్నాడో నేను అడగలేదు. హేజెల్‌ని కళ్ళు తెరవని పిల్లగా చొక్కాలో పెట్టుకుని తెచ్చినవాడు ఆయనే.

చాలాసేపటికి రేడియో గరగరలాడింది.

"కెప్టెన్, కయాక్ కనిపించింది. బోర్లా పడి ఉంది."

నేను రేడియో లాక్కున్నాను. "మనిషి? డ్యూయీ, మనిషి?"

"ఆగమ్మా... ఆగు. నీళ్ళ మధ్య చిన్న తిప్పమీద గడ్డిలో ఏదో ఉంది." ఇంజను శబ్దం తగ్గింది. గాలి హోరు. ఎవరో అరుస్తున్నట్టు. "ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు."

నాన్న నా చేతిలోంచి రేడియో తీసుకున్నాడు. "వణుకుతున్నాడా?"

"ఏంటి కెప్టెన్?"

"వణుకుతున్నాడా లేదా చెప్పరా!"

"వణుకుతున్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి."

"దేవుడా." నాన్న తల డాష్‌బోర్డ్‌కి ఆనించాడు. చలినీళ్ళలో పడ్డవాడు వణుకుతున్నంతసేపూ లోపల మంట ఉన్నట్టే, వణుకు ఆగితేనే భయం. తడిబట్టలు తీసెయ్యమనీ, పొడి దుప్పటి చుట్టమనీ, ఒళ్ళు రుద్దవద్దనీ, పడుకోబెట్టి ఉంచమనీ వరసగా చెప్పాడు. ఆ తర్వాత దారిపొడుగునా రేడియోలో అదే ప్రశ్న. "ఇంకా వణుకుతున్నాడా?" "ఆఁ, వణుకుతున్నాడు." "ఇప్పుడు?" "ఇప్పుడూ." డ్యూయి ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

కుక్క సంగతి నాన్న అడగలేదు. డ్యూయి చెప్పలేదు. బతికి ఉంటే ఆ మాట ముందే చెప్పి ఉండేవాడు.

పడవ రేవుకొచ్చేసరికి అంబులెన్సు వచ్చి ఉంది. పడవలో ఆల్చిప్పల గుట్ట పక్కన, డ్యూయి దుప్పట్లన్నీ చుట్టుకుని రసెల్ పడి ఉన్నాడు. పెదాలు నీలం. దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది, ఆ చేతి వేళ్ళు హేజెల్ మెడపట్టీ కింద బిగుసుకుపోయి ఉన్నాయి. హేజెల్ అతని పక్కనే పడుకుని ఉంది. నీళ్ళు కారుతున్న బొచ్చు, తెరిచినవి తెరిచినట్టే ఉన్న పచ్చ కళ్ళు. నేను దూకి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాను. అతను నన్ను చూశాడు గానీ గుర్తుపట్టాడో లేదో తెలీదు.

"కుక్కని కయాక్ మీదికి ఎక్కించబోయాడంట. ఇద్దరూ పడ్డారు. దాని తల నీళ్ళపైన పట్టుకుని తిప్పదాకా ఈడ్చుకొచ్చాడు" అన్నాడు డ్యూయి. "వదలమంటే వదలడు. నేనూ లాగి చూశాను."

అంబులెన్సు వాళ్ళూ లాగి చూశారు. కదల్లేదు. ఒకామె కత్తెర తీసి, పట్టీ కోసేస్తానంది. రసెల్ గొంతులోంచి ఏదో శబ్దమొచ్చింది, మాట కాదు. చెయ్యి ఇంకా బిగించాడు. కుక్కనంతటినీ తనవైపు లాక్కున్నాడు.

అప్పుడు నాన్న పడవలోకి దిగాడు. మోకాళ్ళమీద కూర్చోకూడదని డాక్టర్లు మరీమరీ చెప్పిన మనిషి, ఆ తడి చెక్కలమీద, ఆల్చిప్పల పెంకుల మీద మోకాళ్ళేసి కూర్చున్నాడు.

"కెప్టెన్" అన్నాడు రసెల్. పళ్ళ మధ్యనుంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట. "అది పట్టుకుంది. నేను చూశాను. నోట పట్టుకుని... వెనక్కి తిరిగింది. వస్తోంది. గాలికి ఎదురు... వస్తూనే ఉంది."

"తెలుసు" అన్నాడు నాన్న.

"వస్తూనే ఉంది కెప్టెన్."

నాన్న తన అరచెయ్యి వెల్లకిలా రసెల్ పిడికిలి కింద పెట్టాడు. "ఇటివ్వు" అన్నాడు.

పిట్టని నోట కరుచుకుని ఒడ్డుకొచ్చిన కుక్కతో అనే మాట అది. గట్టిగా అనకూడదు, బతిమాలకూడదు. గట్టిగా అంటే దవడ ఇంకా బిగిస్తుంది. నీ పని అయిపోయింది, ఇక నాది అని చెప్పినట్టు మెల్లగా అనాలి. నాన్న అలాగే అన్నాడు. రసెల్ ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అతని వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

పొద్దుటినుంచీ గొంతు చించుకుని అరిచాం. టోపీ ఊపాం. హారన్ కొట్టాం. ఇంత మెల్లగా అంటే వదిలేవాడా అని నాకు అరవాలనిపించింది. అరవలేదు. నాన్న ఆ చేతిని తన చొక్కా గుండీలు విప్పి, లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నాడు. అంబులెన్సులోకి కూడా అలాగే ఎక్కాడు. హేజెల్‌ని ఎవరు ఒడ్డుకి మోశారో మా ముగ్గురిలో ఎవరమూ చూడలేదు.